రాత రాలే పిల్ల

కండక్టరమ్మ సాయంత్రం ఐదుకు డ్యూటీ దిగేది. ఇంటికెళ్ళి టికెట్ల సంచి మేకుకు తగిలించి, ముఖం కడుక్కుని, కూర్చోకుండానే మళ్ళీ గుమ్మం దాటేది. ఐదున్నరకల్లా సైకిల్ షాపు మీది చెక్కల గది తలుపు తెరుచుకోవాలి. ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన పిల్ల బయట నిలబడాల్సిందే. ఆ నియమం తనకూ ఉంది. ఒకసారి బస్సు పంక్చరై పది నిమిషాలు ఆలస్యమైతే, పిల్లలందరూ చూస్తుండగా పది నిమిషాలు మెట్ల మీద నిలబడి ఆ తర్వాతే లోపలికి వచ్చింది.

ఆ చదువు గది ఏ ఒక్కరి పుణ్యమూ కాదు. గది సైకిల్ మెకానిక్ ఇచ్చాడు. బెంచీలు వడ్రంగి తన దగ్గర మిగిలిన ముక్కలతో చేశాడు, అందుకే ఏ రెండు కాళ్ళూ ఒక ఎత్తులో ఉండవు. ఆసుపత్రిలో పనిచేసే నర్సు నెలకోసారి వచ్చి పిల్లల కళ్ళూ పళ్ళూ చూసిపోయేది. చదువు చెప్పడం కండక్టరమ్మ వంతు. పదో తరగతి పెద్ద పరీక్షకు కూర్చునే పన్నెండు మందికి ఆమె చెప్పే పద్ధతి ఒక్కటే. గైడులోని జవాబు ఆమె పైకి చదవాలి, పిల్లలు వెనక అనాలి, ఐదుసార్లు రాయాలి. ఎవరైనా మధ్యలో ఎందుకని అడిగితే, "పాఠం కూడా బస్సులాంటిదే. మెట్టు మీద నిలబడి ముచ్చట్లు పెడితే వెనకవాళ్ళు ఎక్కలేరు. ముందుకు జరగాలి" అనేది.

ఆరేళ్ళుగా ఆ గది నుంచి పరీక్షకు వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తప్పలేదు. వీధికి అది గొప్ప. ఆమెకు ఇంకా గొప్ప, కాకపోతే ఆమె దాన్ని క్రమశిక్షణ అనేది. మనిషి తన గర్వానికి మంచి పేరు పెట్టుకున్నాక దాన్ని పట్టుకోవడం కష్టం.

ఆ పన్నెండు మందిలో ఒక పిల్లకు రాత రాలేది.

ఇటుకబట్టీలో నిప్పు చూసుకునే మనిషి కూతురు ఆ పిల్ల. ఏదడిగినా ఆగి, ఆలోచించి అప్పుడు నోరు తెరుస్తుందని వీధంతా ఆమెను నిదానం అని పిలిచేవాళ్ళు. ఆమె రాసిన గంటకల్లా సున్నాలు ముందు జారి దొర్లిపోయేవి. వాటి వెనక ఒత్తులు, దీర్ఘాలు. ఆఖరికి తలకట్లు ఊడి అక్షరాలు కుప్పగా ఒళ్ళో పడేవి. ఎక్కడో ఒక మాట, ఒక వాక్యం నిలిచేది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొందరికి జుట్టు రాలదా, ఈ పిల్లకు రాత రాలుతుంది. పాఠం అయ్యాక తనే చీపురు తీసుకుని ఊడ్చి చేటలోకి ఎత్తేది.

చెక్కల సందుల్లోంచి కొన్ని కింద షాపులోకి పడేవి. మెకానిక్ మెట్ల దగ్గర నిలబడి కండక్టరమ్మతో చెప్పుకునేవాడు. "అక్కా, నిన్న నా టీలో ఏదో నలకుందని చూస్తే క్షకారం. గొంతులో అడ్డం పడుంటే ఆసుపత్రిలో ఏమని చెప్పుకోను?" తండ్రిది ఇటుకల బట్టీ, కూతురిది పాఠాల బట్టీ, రెండిట్లోనూ మిగిలేది పొగేనని కూడా అతనే అన్నాడు. పిల్ల కూడా నవ్వింది.

నవ్వులాట బడిలో అర్ధ సంవత్సరం పరీక్షలతో ఆగిపోయింది. నిదానం జవాబు పత్రాల కట్ట విప్పితే అన్నీ తెల్ల కాగితాలు, అడుగున పిడికెడు నల్లటి నూక. హెడ్మాస్టరు కండక్టరమ్మనీ తండ్రినీ పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. అయితే బడి ఫలితం ఏటా పైవాళ్ళు చూస్తారు, తగ్గితే సంజాయిషీ ఆయనే రాయాలి. మూడు వారాల్లో ఇంకో పరీక్ష పెడతాననీ, ముప్పై అయిదు మార్కులు రాకపోతే పెద్ద పరీక్ష జాబితాలో పిల్ల పేరు పంపననీ చెప్పాడు.

బయటికొచ్చాక తండ్రి చాలాసేపు తువ్వాలు దులుపుకున్నాడు. ఎంత దులిపినా ఎర్ర ధూళి రాలుతూనే ఉంది.

"బడి వద్దంటే వాళ్ళ మేనత్త తీసుకుపోతానంటోందమ్మా, బట్టల ఫ్యాక్టరీకి. అక్కడే పని, అక్కడే పడక. పంపాలని నాకూ లేదు. ఊరికే కూర్చోబెట్టే స్తోమతూ లేదు."

పిల్ల తండ్రి వెనక నిలబడి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. సరిగ్గానే ఉన్న పట్టీని మూడోసారి సరిచేసుకుంటోందని కండక్టరమ్మ గమనించింది.

ఆ రోజు నుంచి ఆమె నిదానం చేత అయిదుకు బదులు ఇరవైసార్లు రాయించింది. వీధి కూడా తలో చెయ్యీ వేసింది. నర్సు గట్టిగా ఒత్తి రాసే పెన్ను తెచ్చింది. వడ్రంగి కాగితానికి జిగురు రాసిచ్చాడు. మర్నాటికి జిగురు పొరతో సహా అక్షరాలు అప్పడంలా లేచి వచ్చాయి. మెకానిక్ వార్నిష్ పూశాడు. అక్షరాలు మెరుస్తూ రాలాయి.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక కండక్టరమ్మ నిదానం నోటు పుస్తకం తిరగేస్తోంది. పేజీలన్నీ ఖాళీ. ఒక పేజీలో మాత్రం రెండు వాక్యాలు చెక్కినట్టు ఉన్నాయి. "మట్టిలో తడి ఉన్నంతసేపు ఎంత నిప్పు వేసినా ఇటుక ఎర్రబడదు. ఆ వేడంతా తడే తినేస్తుంది." వాటి మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. గీత తనదే. గైడులో లేని మాట రాసిందని తనే కొట్టేసింది.

పిల్ల మూల ఊడుస్తోంది. పిలిచి, ఇది ఎందుకు నిలిచిందని అడిగింది. పిల్ల ఎప్పటిలాగే ఆగి, ఆలోచించింది.

"అది నాకు తెలుసత్తా. మిగతావి మీరు చెప్పారు."

చెంప మీద కొట్టినట్టయింది. ఎదురు సమాధానానికి శిక్ష వేయాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల ముఖంలో పొగరు లేదు, ఉన్నమాట చెప్పిన అలుపు మాత్రమే ఉంది. కండక్టరమ్మ గైడు తీసి, ఆ పాఠంలోనే ఉన్న బాష్పీభవన గుప్తోష్ణం అంటే ఏమిటో తెలుసా అని అడిగింది. తెలియదంది పిల్ల. చెబుదామని నోరు తెరిచింది. నిర్వచనం గడగడా వచ్చింది, ముప్పై ఏళ్ళ కిందట తను రాసి పాసైన నిర్వచనమే. దాని తర్వాత చెప్పడానికి ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున చివరి స్టాపులో డ్రైవరు టీకి దిగితే, ఆమె ఒక చిత్తు కాగితం తీసి ఆరేళ్ళుగా చెబుతున్న జవాబుల్లో అర్థం తెలియనివన్నీ రాసింది. కాగితం రెండు వైపులా నిండింది. సీటు మీద పెట్టి చూస్తూ కూర్చుంది. ఒక్క సున్నా కూడా కదల్లేదు. తెలియని మాటలు తన చేతిరాతలో ఎంత దిలాసాగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా కూర్చున్నాయో చూసి ఆమె తల దించుకుంది.

ఆ సాయంత్రం పన్నెండు మంది ముందూ నిలబడి, గైడు మూసి, ఇందులో సగం నాకు తెలియదు అని చెప్పింది. ఆమె గొంతు వణకలేదు. తప్పు ఒప్పుకోవడానికి గొంతు వణకాల్సిన పనేముంది, చేసినప్పుడు వణికిందా? తర్వాత కిందికి దిగి తెలిసినవాళ్ళను పిలుచుకొచ్చింది. మెకానిక్ చక్రం పట్టుకుని రాపిడి గురించి చెప్పాడు. నర్సు నాడి పట్టుకోవడం నేర్పి, గుండె ఏం చేస్తుందో చెప్పింది. నిదానం తండ్రి తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ, పచ్చి ఇటుకలు పేర్చి నిప్పు పెట్టిన మొదటి రోజుల్లో ఏం జరుగుతుందో, కొత్త కూలీలు ఎందుకు మోసపోయి బొగ్గు ఎక్కువ వేస్తారో చెప్పాడు. ఆ వేడంతా తడిని ఆవిరి చేయడానికే పోతుందని, గైడులోని గుప్తోష్ణం అదేనని అప్పుడు కండక్టరమ్మకు తెలిసింది. తన కూతురు వింటుంటే అతను పాఠం చెప్పడం అదే మొదటిసారి.

అందరికీ ఇది నచ్చలేదు. పరీక్షలో చక్రం తిప్పితే మార్కులు వేస్తారా అని ఒక తల్లి వీధిలోనే నిలదీసింది. ఇద్దరు పిల్లల్ని మాన్పించారు. కండక్టరమ్మ వాళ్ళను తప్పుపట్టలేదు. ఆరేళ్ళు తను నేర్పిన మాటే వాళ్ళు తనకు అప్పజెబుతున్నారు.

ఇక మిగిలింది పది రోజులే. పదేళ్ళ చదువు పది రోజుల్లో అర్థం కాదు. పరీక్ష పెట్టారు. కాగితాలు అందిన గంటన్నరకు హెడ్మాస్టరు నిదానం జవాబు పత్రాన్ని బల్ల మీద రెండుసార్లు విదిలించాడు. కొంత రాలింది, కొంత నిలిచింది. నిలిచినదానికి న్యాయంగా మార్కులు వేశాడు. ఇరవై తొమ్మిది.

జాబితా పంపే ఆఖరి రోజు సాయంత్రం పిల్లనీ, తండ్రినీ, కండక్టరమ్మనీ బడిలో తన గదిలోకి పిలిచాడు. కవరు తీసుకెళ్ళడానికి అటెండరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సున్నా నుంచి ఇరవై తొమ్మిదికి వచ్చింది సార్, పెద్ద పరీక్షకు ఇంకా రెండు నెలలుంది అని కండక్టరమ్మ అంది. హెడ్మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తనకూ బాధగానే ఉందనీ, నియమం నియమమేననీ చెప్పాడు. పేరు తీసేయాలంటే పిల్ల సొంత దస్తూరీతో ఒక కాగితం ఉండాలి. వేరేవాళ్ళు రాస్తే చెల్లదు.

"చదువు నా వల్ల కాదని తెలుసుకుని, నా ఇష్టపూర్వకంగా పరీక్ష మానుకుంటున్నాను అని రాయాలి. అంతే. మీరు చెప్పండమ్మా, మీరు చెబితే రాయడం అలవాటు కదా."

"ఆ మాట నాకే అర్థం కాలేదు సార్. చెప్పలేను."

తండ్రి గోడకేసి చూశాడు. హెడ్మాస్టరే చెప్పాడు. నిదానం కుర్చీ అంచున కూర్చుని, ఒక్క తప్పు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కింద పేరు పెట్టింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. పెద్దవాళ్ళు చెప్పినట్టు రాయడం ఆమెకు కొత్త కాదు.

ఈసారి గంట పట్టలేదు. ఆయన ఫైలు తెరిచేలోపే 'ఇష్టపూర్వకంగా' అన్న మాట ముందు జారింది. దాని వెనక వాక్యమంతా దారం తెగిన పూసల దండలా బల్ల మీదికి దిగింది. ఇంకో కాగితం ఇచ్చాడు. అదీ అంతే. మూడోది చేత్తో అదిమి పట్టుకున్నాడు. అక్షరాలు ఆయన వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

"ఏమ్మా, అర్థం కాలేదా?" విసుగు లేకుండానే అడిగాడు.

నిదానం ఆగింది. ఆలోచించింది.

"మాటలు అర్థమయ్యాయి సార్. ఎందుకో అర్థం కాలేదు."

తపాలా టైమైపోతోందని అటెండరు గుమ్మంలోంచి గుర్తు చేశాడు. హెడ్మాస్టరు పెన్ను మూత తీసి జాబితాలో నిదానం పేరు దగ్గర పెట్టాడు. బల్ల మీది కాగితం వైపు చూశాడు. చేతిలో కాగితం లేకుండా పేరు కొట్టేసే మనిషి కాదాయన. పెన్ను మూత పెట్టి, జాబితాను ఉన్నదున్నట్టే మడిచి, కవరు అంటించి ఇచ్చేశాడు. బల్ల మీద పడ్డ అక్షరాలను అరచేత్తో ఒక పక్కకు తోశాడు.

మూడో కాగితాన్ని ఏం చేయాలో తెలియక ఫైలులోనే పెట్టాడు. అందులో పైన ఏమీ లేదు. అడుగున ఆ పిల్ల పేరు మాత్రం ఉంది. దానిలో ఒక్క గీత కూడా చెదరలేదు.