నికార్సైన ఏడుపు

ఉక్కు కార్ఖానా ఊళ్లో, భుయ్యాడీహ్ బస్తీలోని తెలుగు కూలీల లైన్లలో మొగుడి పేరు నోటితో చెప్పే ఆడమనిషిని లలితకుమారి ఇంతవరకూ చూడలేదు. ఆమె రిజిస్టరులో మాత్రం పిల్ల పేరు తరవాత గడి అదే, తండ్రి పేరు. ఆ గడి నిండకపోతే కార్డు రాయకూడదు, కార్డు లేకపోతే సూది వెయ్యకూడదు. ఈ రూలు పెట్టిన పెద్దమనిషి జన్మలో భుయ్యాడీహ్ వచ్చి ఉండడు.

లలితకుమారి వాళ్లది అదే ఊళ్లో కాసిడీహ్. నాన్న కార్ఖానా ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఆమె మెట్రిక్ పాసై, ఆరు నెలలు ట్రైనింగ్ చేసి, డెబ్భైతొమ్మిదిలో ఆరోగ్య కేంద్రంలో చేరింది. పని చెప్పుకోడానికి నాలుగు ముక్కలే. ఇల్లిల్లూ తిరగాలి, పసిపిల్లల వివరాలు రాయాలి, నీళ్లు కాచి తాగమనాలి, శుక్రవారం సూదుల క్యాంపుకి తల్లుల్ని పిల్లల్తో సహా లాక్కురావాలి. చెయ్యబోతే మాత్రం ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో కోర్టు కేసు.

పేర్ల విషయానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. పేరు చెప్పొద్దు తల్లీ, పొడుపుకథలాగా గుర్తు చెప్పు, నేను విప్పుకుంటాను అనేది. ఒకావిడ చేటలో నూకలు తెచ్చి చూపించింది, నూకరాజు. జోగమ్మ అరచెయ్యి బోర్లించి, నాలుగు వేళ్లూ కాళ్లలా నేలమీద నడిపించి, మెడ భుజాల్లోకి లాక్కుంది. తాబేలు, కూర్మం, కూర్మారావు. రెండు నెలల్లో నలభైమంది మొగుళ్లని ఇలా విప్పేసింది. ఈ విద్యలో తనకి తిరుగులేదని కాస్త గర్వం కూడా వచ్చింది. కొంప ముంచింది ఆ గర్వమే.

మూడో లైను చివరింటి యజమాని సన్యాసమ్మ. ముసలాయన కాలం చేసిన దగ్గర్నుంచి ఇంటికీ, లైనుకీ కూడా ఆవిడే పెద్ద. ఆవిడ సరే అంటే పది గుమ్మాలు సరే అంటాయి. కాదంటే పదీ మూసుకుంటాయి. పెద్దకొడుకు కాంట్రాక్టులో ఫిట్టరు. కోడలు అమ్మణ్ణి. ఆమెకి ఐదు నెలల ఆడపిల్ల. నెల తక్కువలో పుట్టి ఇప్పటికీ పిడికెడే ఉంది. దానికి ఒక్క సూదీ పడలేదు. పక్క లైన్లో ముగ్గురు పిల్లలకి కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చిందంటే ఊపిరందక మొహం నీలం తిరిగిపోతోంది. ఆ దగ్గు గోడ దాటి ఈ పిల్ల దగ్గరికొస్తే ఏమవుతుందో లలితకుమారికి తెలుసు. కేంద్రం డాక్టరు వసంతలక్ష్మి దాచకుండా చెప్పేసింది, అది తట్టుకునే పిల్ల కాదని. ఈ శుక్రవారం ఎలాగైనా దానికి ఆ దగ్గు రాకుండా వేసే ట్రిపుల్ సూది పడాలి. లలితకుమారికి ఇంకో ధ్యాస లేదు.

శనివారం వెళ్లి అడిగితే సన్యాసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల మా పెద్దోడ్ని కాకి తన్నింది, నెత్తిమీద. ఇంట్లో దోసం పెట్టుకుని పసిపిల్లకి సూదేటమ్మా. దోసం తీరినాక రా."

ఎప్పుడు తీరుతుందని అడిగింది లలితకుమారి. దానికో పద్ధతి ఉందిగానీ ఈ ఊళ్లో అది జరిగే పని కాదని గొణిగింది సన్యాసమ్మ. కాకి తన్నితే ఏమీ కాదు పెద్దమ్మగారూ, అదంతా ఉత్తి నమ్మకం అని లలితకుమారి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చింది. మధ్యలోనే తలుపు పడిపోయింది. ఆ రోజు తండ్రి పేరు గడి కూడా ఖాళీగానే ఉండిపోయింది.

బుధవారం మళ్లీ వెళ్లింది. సన్యాసమ్మ సాక్చీ బజారుకి పోయింది. అమ్మణ్ణి ఒక్కతే ఉంది, చంకలో పిల్లతో. అప్పుడే బొగ్గుల పొయ్యి అంటించింది. ఇల్లంతా పొగ, ఆమె కళ్లు ఎర్రబడి ధారగా కారుతున్నాయి. ఆ పొగకీ ఈ కన్నీళ్లకీ సంబంధం ఉందన్న సంగతి లలితకుమారికి తట్టలేదు. ముందు పేరైనా రాసుకుందామని, గుర్తు చెప్పమంది.

అమ్మణ్ణి చూపుడువేలు పైకెత్తి ఆకాశం చూపించింది.

"సూర్యారావా?"

కాదని తల ఊపింది. చంద్రయ్యా అంటే అదీ కాదంది. మబ్బుల పేరు ఎవరూ పెట్టుకోరు కదా అని లలితకుమారి ఆలోచనలో పడింది.

"ఇంకా పైన," అంది అమ్మణ్ణి మెల్లిగా. "అందరికంటె పైనున్నోరు."

వేలు గాల్లో అలాగే ఉంది, కళ్లంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. లలితకుమారి రిజిస్టరు మూసేసింది.

"పోయారా?"

"పోనారు."

"ఎప్పుడమ్మా?"

"సోమారం."

"ఎలాగ?"

"లారీ," అంది అమ్మణ్ణి. ఇంతలో పిల్ల గుక్కపట్టింది. దాన్ని ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

లలితకుమారి గుమ్మంలోనే చతికిలబడింది. నుదుట బొట్టుంది, చేతులకి గాజులున్నాయి. అవునుమరి, సోమవారమే కదా, పదోరోజు ఇంకా రాలేదు, ఆ రోజు దాకా తియ్యరు. అన్నీ సరిపోయాయి. శనివారం కాకి తన్నింది, సోమవారం లారీ. కాకి తన్నితే ఏమీ కాదని ఈ ఇంటి ముందే నిలబడి పది నిమిషాలు చెప్పిన నోరు తనదే. రిజిస్టరు తెరిచి, తండ్రి గడిలో హిందీలో 'స్వర్గీయ' అని రాసి, పక్కన పేరుకి చోటు వదిలింది. కేంద్రం దాకా ఏడుస్తూనే నడిచింది. దారిలో రిక్షావాడు "క్యా హువా, దీదీ" అని ఏమైందో అడిగితే వాడికీ చెప్పి ఏడ్చింది.

వసంతలక్ష్మి గుంటూరు వైపు మనిషి. ఎప్పుడూ కర్ర మింగినట్టు ఉంటుంది, నవ్వగా ఎవరూ చూడలేదు. అంతా విని కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. చీర చెంగుతో చాలాసేపు కళ్లు తుడుచుకుంది. పాలపొడి డబ్బాలు రెండు ఇచ్చి, రేపు పొద్దున్నే వెళ్లి ఆ తల్లిని ఓదార్చమంది. సూది మాట ఇప్పుడు ఎత్తొద్దంది. అంటే ఈ శుక్రవారం కూడా పోయినట్టే. అది తలుచుకుని లలితకుమారి ఇంకోసారి ఏడ్చింది.

గురువారం పొద్దున్న వెళ్లేసరికి సన్యాసమ్మ గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని, బూడిద రాసి చేపలు తోముతోంది. కొడుకు పోయిన నాలుగోరోజున చేపలు. పాపం మతి చలించిందనుకుని లలితకుమారి డబ్బాలు కింద పెట్టి, పొలుసులంటిన ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుంది.

"పెద్దబ్బాయి పోయారట కదా, పెద్దమ్మగారూ."

"పోనాడు," అంది సన్యాసమ్మ. "కాకి తన్నీసింది, ఒద్దురా అన్నాను. ఇంటేనా."

"మీరే గుండె రాయి చేసుకోవాలి."

"సేసుకోక ఏటి సేత్తాను. శనారానికి వచ్చేత్తానన్నాడు."

ఇంక లలితకుమారి వల్ల కాలేదు. బావురుమంది. ముందు సన్యాసమ్మ భుజమ్మీద వాలి ఏడ్చింది, తరవాత ద్వారబంధాన్ని పట్టుకుని ఏడ్చింది. లైనులో ఆడవాళ్లు చేటలతో, గరిటెలతో అలాగే వచ్చి నిలబడ్డారు. ఈ పిల్లకి ఇంట్లో ఎవరైనా పోయారేమోనని, ఆ దారినే వచ్చిన ఐదో లైను జోగమ్మ మంచినీళ్లు తెచ్చింది. సన్యాసమ్మ చేపని కుడిచేత్తో పట్టుకునే ఎడంచేత్తో వీపు నిమురుతోంది, ఎందుకో తెలీకుండానే.

అప్పుడే లైను మొదట్లోంచి ఒక మనిషి వచ్చాడు, భుజాన గమ్చా తువ్వాలు, చేతిలో సంచీ.

"ఈడు సూడు," అంది సన్యాసమ్మ. "శనారం అన్నాడు, గురువారమే దిగిపోనాడు."

పనికెళ్లిన రూర్కెలాలో ఫర్నేసు ఇంకా చల్లారలేదని, వచ్చే వారం రమ్మన్నారని, ఇటొచ్చే లారీ ఎక్కేశానని అతను చెప్పాడు. ఎవరు పోయారని కూడా అడిగాడు, ఏడుస్తున్న మనిషిని చూసి.

"ఈయన ఎవరు?" అంది లలితకుమారి ఎక్కిళ్ల మధ్య.

"ఎవులేటి? మా పెద్దోడు."

ఎక్కిళ్లు సగంలో ఆగిపోయాయి. చంకలోంచి రిజిస్టరు జారి అతని కాళ్ల దగ్గర పడింది. అతను హిందీ బళ్లో నాలుగు వరకు చదివాడు. దుమ్ము దులిపి ఇవ్వబోతూ తెరిచి ఉన్న పేజీ చూశాడు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. తన ఇంటి నంబరు, తన కూతురి పేరు. వేలు పక్క గడికి జరిగి ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నన్ను స్వర్గీయ అని రాసీసారే. పేరుకి సోటొగ్గీసి మరీ సంపీసారు."

లలితకుమారి వేలెత్తి ఆకాశం చూపించింది, అమ్మణ్ణి ఇలా చూపించిందని. తలుపు వెనకనుంచి అమ్మణ్ణి గొంతు సన్నగా వినిపించింది.

"నానేటి సేతును. పేరుకి గుర్తు సూపించమంటే సూపించాను."

"నా పేరు దేముడండి," అన్నాడతను, తప్పు తనదే అయినట్టు.

దేముడు. పెళ్లయిన నాటినుంచి అమ్మణ్ణి గుళ్లో కూడా ఆ మాట అనలేదు. దండం పెట్టుకోవాలన్నా "పైనోడా" అనే పెట్టుకుంటుంది. నలభైమంది మొగుళ్లని విప్పిన లలితకుమారికి ఈ ఒక్కడు అందలేదు.

ఆమె సన్యాసమ్మ వైపు చూసింది. కత్తిపీట ఆవిడ ముందే ఉంది. బతికున్న కొడుకుని రాతమూలకంగా చంపేసింది తను, అదీ కాకి తన్నిన వారంలోనే. ఇక ఈ లైన్లో తనకి గుమ్మం లేదు. ఆ పిడికెడు పిల్లకి సూదీ లేదు. దగ్గు ఒక్క గోడ దాటితే చాలు.

సన్యాసమ్మ చేపని గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"నువ్వు ఏడిసింది మా వోడు పోనాడనేనా?"

అవునంది లలితకుమారి.

"నిజంగా నమ్మే ఏడిసావా? పైకి ఏడవలేదు గదా?"

"నమ్మే ఏడ్చానండి. నిన్నటినుంచీ ఏడుస్తూనే ఉన్నాను."

"ఇంకెవులికైనా సెప్పావా?"

ఇదీ ఒక నేరమే కాబోలనుకుని, డాక్టరమ్మకి చెప్పానని, ఆవిడ కూడా ఏడ్చిందని లలితకుమారి ఒప్పేసుకుంది. రిక్షావాడి సంగతి కూడా దాచలేదు.

"డాక్టరమ్మ ఏడిసిందా?" అని సన్యాసమ్మ లైనంతా కలయజూసింది. "కళ్లంట నీళ్లొచ్చాయా?"

"కళ్లద్దాలు తీసి తుడుచుకుంది."

సన్యాసమ్మ రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది. లలితకుమారికి ఏమీ అర్థం కాలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లే తలో ముక్కా అందించారు. కాకి నెత్తిన తన్నితే ప్రాణగండం. ఆ మనిషి పోయాడని అయినవాళ్లకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నమ్మి, మనస్ఫూర్తిగా ఏడవాలి. ఆ ఏడుపుతో గండం దిగిపోతుంది. కానీ లైన్లో అందరికీ కాకి సంగతి తెలుసు, ఎవరు నమ్ముతారు?

"టెక్కలి కాడ మా తమ్ముడున్నాడు," అంది సన్యాసమ్మ. "ఆడికి మా మీద కోపం. ఆడికి రాత్తే ఏడడు, నవ్వుతాడు. ఐదు రోజుల్నుంచి నాకు కూడు దిగలేదు. నువ్వేమో అడక్కుండానే ఏడిసీసావు. అదీ నికార్సైన ఏడుపు."

సన్యాసమ్మ లలితకుమారి తల మీద చెయ్యేసి నిమిరి, వెంటనే పనిలో పడింది. ముందు ఆ స్వర్గీయ కొట్టించింది, ఒక గీత చాలదని మూడు గీతలు గీయించింది. తరవాత ఆ చోట దేముడు అని రాయించి, కొడుకుచేత చదివించుకుంది.

"దోసం పోయింది. రేపు ఎన్ని గంటలకమ్మా ఆ సూది?"

శుక్రవారం పిల్లకి సూది పడింది. అది పైకప్పు లేచిపోయేలా కేకలు పెడితే సన్యాసమ్మ ఎత్తుకుని, "ఏడువే, ఏడు. మీ బాబు కోసం ఊరు ఊరంతా ఏడిసింది, నీకేటి" అని ఊరడించింది. వెనక తొమ్మిది గుమ్మాల పిల్లలూ వరసలో ఉన్నారు. పాలపొడి డబ్బాలు సన్యాసమ్మ తిరిగి ఇవ్వలేదు, లలితకుమారి అడగలేదు. దేముడు బతికే ఉన్నాడన్న మాట వసంతలక్ష్మితో అనడానికి కూడా ఆమెకి నోరు రాలేదు.

పిల్లకి రెండో సూది వేళకి కోరింత దగ్గు రెండో లైనుతోనే ఆగిపోయింది. ఆ వారమే జోగమ్మ దారికి అడ్డం వచ్చింది. జోగమ్మ ఇల్లు ఐదో లైను. పద్నాలుగు నెలల కొడుకుని ఇంతవరకు ఒక్క క్యాంపుకీ తేలేదు.

"మా ఇంటాయన్ని కాకి తన్నింది," అంది జోగమ్మ. "నువ్వో పాలి ఏడువమ్మా. మూడు సూదులూ ఏయించేత్తాను."

లలితకుమారి అక్కడే మెట్టు మీద కూర్చుని, కూర్మారావుని తలుచుకుని ప్రయత్నించింది. కూర్మారావు ఎదురింటి అరుగు మీదే కూర్చుని బీడీ కాలుస్తూ, ఎలా ఏడుస్తుందోనని ఆసక్తిగా చూస్తున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఇంకా వచ్చింది, నవ్వి నవ్వి కళ్లంట నీళ్లు కారాయి. ఈ నీళ్లు పనికొస్తాయా అని సన్యాసమ్మని పిలిపించారు.

సన్యాసమ్మ దగ్గరికొచ్చి పరకాయించి చూసింది.

"సెల్లవు," అంది. "ఇది తెలిసిన ఏడుపు. తెలీనోళ్లు ఏడవాల."

తెలీనివాళ్లు ఎవరున్నారని అందరూ ఆలోచించారు. ఒక్కొక్కరి చూపే కేంద్రం వైపు తిరిగింది. లలితకుమారి తల అడ్డంగా ఊపింది. జోగమ్మ కొడుకుని తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది. వాడు గట్టిగా రెండుసార్లు దగ్గాడు. మామూలు దగ్గే, పడిశం. అయినా లలితకుమారి కాసేపు వాణ్ణి చూస్తూ కూర్చుంది.

తరవాత లేచి, మొహం కడుక్కుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని నడిచింది. దారి పొడుగునా నవ్వు రాకుండా కింది పెదవి పళ్లతో నొక్కి పట్టింది. అలా పట్టడంతో మొహం చూడ్డానికి చాలా దిగులుగా తయారైంది.

వసంతలక్ష్మి తలెత్తి ఆ మొహం చూసింది. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.