నురగ నిలిచినంతసేపు

పొద్దున లేవగానే పుష్పలత మొలకల దగ్గరికి పోతుంది. తడి గోనెసంచి ఎత్తి, జొన్నగింజ కొసన తెల్లటి మొలక గోరంత వచ్చిందో లేదో చూసి మళ్ళీ కప్పుతుంది. తర్వాత పొయ్యి, నీళ్ళు, మేకలు. అవన్నీ సగంలో వదిలేసి మళ్ళీ వచ్చి సంచి ఎత్తుతుంది. పది నిమిషాల్లో మొలక పెరగదని ఆమెకు తెలుసు. చెయ్యి ఆగడం లేదు, అంతే.

"మాటిమాటికి లేపితే గింజకు సలి పెడ్తది," అంది అత్త జంపక్క, గడప మీద కూర్చుని విస్తరాకులు కుడుతూ.

"పెట్టనీ. నాకు పెడ్తలేదా."

తునికిగుంపు గూడెంలో ఆడవాళ్ళందరూ జొన్నకల్లు కాస్తారు. మొలకలు ఎండబెట్టి, దంచి, ఉడికించి, పులియబెడతారు. మణుగూరు గనుల్లో పనికి పోయే కుర్రాళ్ళు దాన్ని ఇంటి బీరు అంటారు. పంచాయితీ రోజున కుండ మధ్యలో పెడతారు. కుండలో నురగ నిలిచినంతసేపు కల్లు కాచిన మనిషి మాట్లాడుతుంది. అంతసేపూ గుంపులో పుట్టిన ఏ మగవాడికీ గొంతు పెగలదు. నోరు తెరిస్తే గాలి వస్తుంది, మాట రాదు. వేసవిలో చెలమ ఎండితే ఎవరైనా వింతగా చూస్తారా? ఇదీ అంతే.

చిక్కల్లా, ఇరవై లెక్కపెట్టేలోపు నురగ చచ్చిపోతుంది. ఆ ఇరవై అంకెల్లో ఆడది తన పేరు చెప్పి, మొగుడి పేరు చెప్పి, దణ్ణం పెట్టి, "నా గోస ఏందంటే" అనేసరికి మగవాళ్ళ గొంతులన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. ఆడదానికి మాట్లాడే హక్కిచ్చిన ఇంత గొప్ప ఆచారం పట్నంలో కూడా లేదని ఊరిపెద్ద బొజ్జయ్య మురిసిపోతుంటాడు.

వచ్చే శుక్రవారం పుష్పలత పంచాయితీ. ఆమె భర్త రవీందర్ రెండెకరాల జొన్నచేను పదేళ్ళ కౌలుకు జామాయిల్ తోటకిస్తానంటున్నాడు. ఆ చేలో మోళ్ళు తవ్వింది ఆమె, రాళ్ళు ఏరింది ఆమె. పట్టా మాత్రం అతని పేరున ఉంది. పంచాయితీ అవగానే తోట కంపెనీ ఏజెంటు జగదీష్ వస్తాడు. నా ఇష్టంతోనే ఇస్తున్నానని రవీందర్ ఫోన్ ముందు నోటితో చెప్పాలి. ఆ వీడియో చేతికొస్తే మర్నాడే చేలోకి మిషన్ దిగుతుంది.

అందుకే మూడు వారాల్లో మూడు కుండలు కాచింది. మొదటిసారి మొలక ముదిరింది, నురగ పది కూడా దాటలేదు. రెండోసారి పిడికెడు గోధుమలు కలిపి దంచింది, ముప్పై దాకా నిలిచింది. మూడోసారి నేలవేము వేసి కాచి, పులిసిన కల్లును మూత బిగించిన క్యాన్‌లో రెండు రోజులు ఉంచి, గాలి చావకుండా చూసి, ఎత్తు నుంచి పోసింది. నాలుగు వేళ్ళ మందాన నురగ లేచింది. రుచి చూద్దామని ముంతతో ముంచిందో లేదో, పైన ఎవరో కూర్చున్నట్టు అణిగిపోయింది.

పుష్పలత తన వేళ్ళు చూసుకుంది. అప్పుడే తల దువ్వుకుని వచ్చింది. వేళ్ళు నూనెతో మెరుస్తున్నాయి.

"అత్తా, పంచాయితీల మొదలు తాగేదెవలు?"

"పెద్దమనిషి. కుండకు మూతి పెట్టి."

"ఆయన మీసాలకు ఏం రాస్తడు?"

జంపక్క చేతిలో ఆకు ఆగిపోయింది. "ఆముదం," అంది. "ఆయన తండ్రి గూడ రాసేటోడు."

"తెలిసే రాసిండ్రా?"

"తెలిసే రాసిండ్రంటే వాళ్ళను పొగిడినట్టయితది, బిడ్డా."

ఆ రోజు నుంచి ఇద్దరూ తలకు నూనె మానేశారు. కుండకు సబ్బు తగలనివ్వలేదు. బూడిదతో తోమి, వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి, ఎండకు బోర్లించారు.

"అమ్మా, నువ్ గూడనా?" అన్నాడు రవీందర్.

"కుండ తోముతున్న. నీకేమన్న అడ్డమొచ్చిందా?"

శుక్రవారం మధ్యాహ్నం బడి పక్క రేకుల షెడ్డులో అందరూ చేరారు. పుష్పలత క్యాన్ ఎత్తి పైనుంచి ధారగా కుండలోకి పోయబోతుంటే బొజ్జయ్య మీసాలు సవరించుకుని ముందుకు జరిగాడు. ఆమె ముందుగా ఒక ఆకుదొప్పలో కాస్త పోసి అతని చేతికిచ్చింది.

"గిదేంది? కుండకు మూతి పెట్టాలె. పద్ధతి."

"తాగుడు పద్ధతి, మామా. కుండను నాకుడు ఎవలు పెట్టిండ్రు?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినిపించింది. బొజ్జయ్య దొప్ప అందుకున్నాడు. ధార కుండలో పడింది. నురగ అంచు దాకా లేచింది. షెడ్డులో మగ గొంతులు ఆగిపోయాయి.

పుష్పలత గబగబా మాట్లాడింది, మాట మీద మాట తొక్కుకుంటూ. ఇరవై దాటింది. వంద దాటింది. వెనక్కి తిరిగి చూస్తే నురగ అలాగే ఉంది. అప్పుడు ఊపిరి తీసుకుంది. ఏ మోడు ఎన్ని రోజులు తవ్విందో, ఏ రాయి కింద తేలు కుట్టిందో, తోట నరికేసి పోయాక ఆ నేలలో మోళ్ళు మళ్ళీ ఎవరు తవ్వాలో, అన్నీ చెప్పింది. "చేను ఇయ్యను" అని ముగించింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. నురగ మాత్రం తగ్గలేదు.

జగదీష్ బండి దిగి ఫోన్ పట్టుకున్నాడు. "అన్నా, నా ఇష్టంతోనే అను చాలు. ఒక్క ముక్క."

రవీందర్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాడు. పక్కన బొజ్జయ్య చేతులు ఊపాడు. జగదీష్ గంటసేపు చూశాడు.

"ఏందమ్మా, మీ మగోళ్ళకు ఏమైంది?" అని జంపక్కను అడిగాడు.

"ఏం కాలే. వింటున్నరు."

అతను దమ్మపేట వైపు వెళ్ళిపోయాడు. అక్కడ ఇంకెవరిదో చేను చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆదివారం వాన పడింది. నురగ ఇంకా ఉంది. మాట లేని మనిషికి చేతులతోనైనా ఏదో చెయ్యాలి గదా, రవీందర్ అరక కట్టాడు. వెనక నుంచి పుష్పలత జొన్నలు వేసింది. నాలుగు సాళ్ళకోసారి గుంపు వైపు చెవి పెట్టి, మగ గొంతు ఏదైనా లేచిందేమోనని వింటూనే ఉంది.

మంగళవారం పొద్దున నురగ అణిగింది. చేని గట్టు మీద రవీందర్ దగ్గాడు. దగ్గుకు శబ్దం వచ్చింది.

పుష్పలత గింజల బుట్ట కింద పెట్టింది. "ఇగ చెప్పు," అంది.

అతను వంగి తడి సాలులో మట్టిని వేలితో కెలికాడు.

"గీడ ఒత్తుగ పడ్డయ్ గింజలు," అన్నాడు.

"మొలిచినంక నువ్వే వంగి పీకు," అంది పుష్పలత.