పదకొండు చుక్కలు

జనవరి పదో తారీఖున రెడ్ విల్లోలో ఎవరి పనీ సాగదు. ఆ సాయంత్రం ఐదింటికల్లా ఊరి ఐస్ హాకీ జట్టు కార్డు లీగు ఆఫీసుకి చేరాలి. కార్డులో పేరున్నవాడు మార్చి దాకా ఆడతాడు. పేరు లేనివాడిని ఆ ఏడాది దేశంలో ఏ జట్టూ తీసుకోకూడదు. పైగా ఇరవై ఏళ్ళవాళ్ళు ముగ్గురికి మించి ఉండకూడదని ఇంకో నియమం. ఆ వయసువాళ్ళకి ఇదే ఆఖరి సీజను, ఆ తర్వాత వాళ్ళని కుర్రాళ్ళ లీగులో అడుగు పెట్టనివ్వరు. మా జట్టు బ్యాడ్జర్స్‌లో అలాంటివాళ్ళు నలుగురు తేలారు. గోల్‌కీపరునీ కెప్టెన్‌నీ ఎవరూ కదపరు. మిగిలిన ఒక్క చోటుకీ ఇద్దరు పోటీ: ఇరవై రెండో నంబరు రెమీ గోసెలిన్, ఎనిమిదో నంబరు మైల్స్ హావ్రిలుక్. ఇద్దరిదీ ఎడమవైపు డిఫెన్సే. ఆట నడుస్తుండగానే ఒకడు మంచు మీద నుంచి దిగితే రెండోవాడు ఎక్కుతాడు.

మైల్స్ మా ఓరెస్ట్ హావ్రిలుక్ మనవడు. చిక్కంతా అక్కడే ఉంది.

ఓరెస్ట్ ధాన్యం గోదాములో ముప్పై ఏళ్ళు తూకం వేసి రిటైరైన మనిషి. తూకం మానినా లెక్క మానలేదు. ఇరవై ఆరేళ్ళుగా మా బెంచీ వెనక రెండో వరసలో, ఒకే సీట్లో, పెన్సిలూ చిన్న నోటుబుక్కూ పట్టుకుని కూర్చుంటాడు. గోల్ పడిన క్షణాన మంచు మీద ఎవరెవరున్నారో రాసుకుంటాడు. మనం కొడితే అక్కడున్న అయిదుగురికీ తలా ఒక ప్లస్, వాళ్ళు కొడితే తలా ఒక మైనస్. సోమవారం పొద్దున్నే ఆ మొత్తాలు తెల్లకాగితం మీద రాసి మార్లీన్ కేఫ్ గోడకి అంటిస్తాడు. చర్చిలో చెప్పినదాన్ని అనుమానించేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు గానీ ఓరెస్ట్ కాగితాన్ని అనుమానించినవాళ్ళు లేరు.

ఈ వారం కాగితంలో మైల్స్‌కి ప్లస్ ఆరు. రెమీకి మైనస్ పద్నాలుగు, జట్టులో అందరికన్నా అధ్వాన్నం.

మధ్యాహ్నం రెండయింది. బయట చలి మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర లాయిడ్ బార్కర్ అప్పటికే మూడో కప్పు కాఫీలో ఉన్నాడు. లాయిడ్, ఓరెస్ట్ ఒకే బడిలో చదువుకున్నారు. లాయిడ్‌కి గొంతు తగ్గించడం బడిలోనూ రాలేదు, ఇప్పుడూ రాదు.

"ఇందులో ఆలోచించడానికేముంది? మైనస్ పద్నాలుగురా బాబూ! మా కుక్కని స్కేట్లు కట్టి దింపినా మైనస్ పదితో బయటపడుద్ది."

"మీ కుక్క మీకన్నా బాగా ఆడుతుందిలెండి," అంది వెల్మా ఫ్రీసెన్.

వెల్మా పోస్టాఫీసులో పనిచేస్తుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఆటగాళ్ళని సీజనంతా ఇళ్ళల్లో పెట్టుకుని తిండి పెట్టడం మా ఊరి ఆనవాయితీ. రెమీ రెండేళ్ళుగా ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు. వాడి బట్టలుతికేదీ, వాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేదీ ఆమే. అందుకే ఆమె మాటని ఈ విషయంలో ఎవరూ పట్టించుకోవడం లేదు. అది ఆమెకీ తెలుసు.

జట్టు మేనేజరు డంకన్ తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో నీలం ఫైలు. అందులో కార్డు, ఒక పేరు చోటు ఖాళీగా. కార్డు పంపేముందు ఆ బల్ల దగ్గర కప్పు కాఫీ తాగడం మేనేజర్లందరికీ అలవాటే. ఊరి చందాలతో నడిచే జట్టు మరి. ఊరి మాట విన్నట్టయినా కనబడాలి.

"కోచ్ తేల్చలేకపోతున్నాడు," అన్నాడు డంకన్ చేతి తొడుగులు తీస్తూ. "కాలేజీ జట్లవాళ్ళు తమలోకి తీసుకుందామని ఇద్దర్నీ చూస్తున్నారంట. కానీ ఫిబ్రవరిలో వాళ్ళొచ్చేసరికి మన జట్టులో ఉన్నవాణ్ణే చూస్తారు. ఓరెస్ట్ గారూ, మీ లెక్క ఏమంటోంది?"

ఓరెస్ట్ కాఫీలో పంచదార కలిపాడు. ఆయన పంచదార వేసుకోడు. "గోడ మీదుందిగా," అన్నాడు.

"ఉందిగా! అయిపోయింది, రాసెయ్," అన్నాడు లాయిడ్.

"ఒక్క నిమిషం." వెల్మా కప్పు పక్కకి జరిపింది. "నాకు లెక్కలు రావు. కళ్ళున్నాయి. మన మీద గోల్ పడ్డ ప్రతిసారీ మా రెమీ అప్పుడే చెక్కగోడ దూకి లోపల కాలు పెడుతున్నాడు. వాడి స్కేటు మంచుకి తగిలీ తగలకముందే ఆట బిళ్ళ, ఆ పక్, మన వలలో ఉంటోంది. అది వాడి తప్పెలా అవుతుంది?"

"కాలు పెట్టాడా లేదా? పెడితే మైనసే. రూలంటే రూలు."

"దిగినవాడికేం లేదా మరి? వాళ్ళు మన మీదికి ఉరుకుతుంటే నా వల్ల కాదని బెంచీ ఎక్కినవాడికి?"

రెమీ ఎక్కేది ఎవడు దిగితేనో అక్కడ అందరికీ తెలుసు. ఆ సంగతి ఓరెస్ట్ ముందు ఎత్తిన మొదటి మనిషి ఆమె.

లాయిడ్ మొహం జేవురించింది. "అమ్మా వెల్మా, నీ పెంపుడు కొడుకుని కాపాడుకో, కాదన్ను. కానీ ఈయన మనవణ్ణి పిరికిపందంటే మాత్రం ఊరుకోను."

"నేనామాట అన్లేదు. ఓరెస్ట్ గారూ, మిమ్మల్నొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ కాగితం కాదు, మీ నోటుబుక్కు చూపించండి."

ఇరవై ఆరేళ్ళలో ఆ నోటుబుక్కు చూపించమని ఎవరూ అడగలేదు. లాయిడ్ బల్ల మీద చరిచాడు. "సిగ్గులేదూ! ఎవర్ని అనుమానిస్తున్నావో తెలుసా?"

ఓరెస్ట్ చెయ్యి కోటు లోపలి జేబు మీదికి పోయింది. నోటుబుక్కు అక్కడే ఉంది. అందులో ఏముందో ఆయనకి నవంబరు నుంచీ తెలుసు. ఈ సీజన్లో కొత్తగా ఒక అలవాటు చేసుకున్నాడు. మన మీద గోల్ పడటానికి ముందు అయిదు సెకన్లలోపు ఎవడైనా మంచు మీదికి ఎక్కితే వాడి నంబరు పక్కన చిన్న చుక్క పెట్టేవాడు, ఎవడి బదులు ఎక్కాడో కింద రాసేవాడు. సరదాకి మొదలుపెట్టాడు. నవంబరు వచ్చేసరికి సరదా పోయింది. ఇరవై రెండు పక్కన చుక్కలు పెరుగుతున్నాయి, కింద ఎనిమిది, ఎనిమిది, మళ్ళీ ఎనిమిది. గోడ మీది కాగితంలో చుక్కలకి గడి లేదు. గియ్యాలని ఆయన ఎవరికీ మాటివ్వలేదు కూడా. ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకున్నది ఆ మాటే.

ఇప్పుడు లేదు అంటే చాలు. అంతదాకా అక్కర్లేదు, కొంచెం నొచ్చుకున్నట్టు మొహం పెట్టినా చాలు. మిగతాది లాయిడ్ చూసుకుంటాడు. మైల్స్ పేరు కార్డులోకి ఎక్కుతుంది, ఫిబ్రవరిలో కాలేజీవాళ్ళు వస్తారు. ఆ కుర్రాడు నాలుగేళ్ళప్పుడు మొదటిసారి స్కేట్లు కట్టించుకున్నది ఈ చేతులతోనే. లేసు బిగిస్తుంటే నొప్పెట్టినా కిక్కురుమనలేదు.

వెల్మా ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే నయమనిపించింది ఓరెస్ట్‌కి.

ఆయన నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"చుక్కలు రెమీకి పద్నాలుగు," అన్నాడు. "అందులో పదకొండు మైల్స్ బదులు ఎక్కినప్పుడు."

డంకన్ పేజీలు తిప్పాడు. ఒక్కో పేజీ దగ్గరా ఆగాడు. లాయిడ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు పాపం, ఎంత అరిచినా మోసం చేసే మనిషి కాదు. "ఆ పదకొండూ ఇటు వేస్తే... రెమీకి మైనస్ మూడు. మైల్స్‌కి..." ఆపేశాడు.

"మైనస్ అయిదు," అన్నాడు ఓరెస్ట్.

"ఇది మీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగాడు డంకన్.

"నవంబరు."

డంకన్ నోటుబుక్కు మూసి ఆయన ముందుకి తోశాడు, ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. కాఫీ ముట్టుకోలేదు. వెల్మా ఓరెస్ట్ చెయ్యి పట్టుకోబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె మీద కోపం కాదు. ఆమె ఇంకా అసలు సంగతి అడగలేదు. అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు.

నాలుగుంబావుకి మైల్స్ పికప్ ట్రక్కు ఓరెస్ట్ ఇంటి ముందు ఆగింది. వెనక ట్రేలో హాకీ సంచి ఉంది. లాకరు ఖాళీ చేసుకుని వచ్చాడన్నమాట. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు, ఆ ఇంట్లో అలా ఎప్పుడూ చేయలేదు.

ఓరెస్ట్ పొయ్యి మీద బంగాళాదుంప ముద్ద కూరిన పెరోగీలు వేయిస్తున్నాడు. ఆ పిల్లాడికి ఇష్టమని పొద్దున్నే చేసిపెట్టాడు. గెలుపైనా ఓటమైనా తింటాడులే అనుకున్నాడు.

"డంకన్ పిలిచి చెప్పాడు," అన్నాడు మైల్స్. "నోటుబుక్కు చూపించావంట."

"చూపించాను."

"లెక్క తప్పా?"

"తప్పు కాదురా."

"తప్పు కాదని నాకూ తెలుసు." మైల్స్ బల్ల మీది ఉప్పుబుడ్డి తీసి ప్లాస్టిక్ గుడ్డ అంచున పెట్టాడు. దాని పక్కన మిరియాలబుడ్డి పెట్టాడు. "ఇది నేను. ఇది రెమీ. ఇదిగో ఈ గీత మధ్యగీత. పక్ ఈ గీత దాటి ఇటొస్తోందంటే నువ్వు బెంచీ మీదుండాలి అన్నావు. కాలేజీవాళ్ళు ముందు చూసేది ప్లస్-మైనస్సే, ఒక్కసారి మైనస్ అంటుకుంటే ఎంత కడిగినా పోదు అన్నావు. ఇక్కడే, ఈ బుడ్లతోనే చూపించావు. గుర్తుందా?"

"ఉంది."

"నాకది నచ్చలేదు తాతా. రెండుసార్లు అడిగాను, రెమీ సంగతేంటని. ఎవడి లెక్క వాడిది అన్నావు."

ఓరెస్ట్ పొయ్యి కట్టేశాడు. "అన్నాను."

"సరే. పదకొండు చుక్కల సంగతీ చెప్పావు. మంచిదే. నాకు నేర్పిందెవరో కూడా చెప్పావా అక్కడ?"

అబద్ధం ఆడటానికి ఆ ముసలాయనకి చాలినంత వ్యవధి ఉంది.

"లేదు," అన్నాడు.

మైల్స్ తలూపాడు. ఉప్పుబుడ్డినీ మిరియాలబుడ్డినీ ఎక్కడివక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. పికప్ సందు మలుపు తిరిగేదాకా ఓరెస్ట్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత డంకన్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. ఐదు కావడానికి ఇంకా పాతిక నిమిషాలుంది.

"నేర్పింది మీరే కావచ్చు ఓరెస్ట్ గారూ," అన్నాడు డంకన్. "దిగిన కాళ్ళు వాడివే కదా. కార్డు నాలుగింటికే పంపేశాను."

సోమవారం పొద్దున ఓరెస్ట్ మామూలు వేళకే కేఫ్‌కి వచ్చాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు. కొత్త కాగితం అంటించి తన కుర్చీలో కూర్చున్నాడు. కాగితంలో చుక్కలకి గడి ఉంది, సెప్టెంబరు నుంచి ప్రతి ఆటగాడివీ ఉన్నాయి. అన్నిటికన్నా కింద, అదే గుండ్రటి చేతిరాతలో రెండు వాక్యాలున్నాయి: "ఎనిమిదో నంబరుకి ముందే దిగిపోవడం నేర్పింది నేను, కిందటి ఆగస్టులో, మా వంటింట్లో. ఆ పదకొండు మైనస్‌లూ నావి." కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు.

వెల్మా చదివి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. లాయిడ్ రెండుసార్లు చదివాడు. బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి, "ఏరా, కాఫీ తాగుతావా?" అన్నాడు.

తొమ్మిదింటికి తలుపు తెరుచుకుని చలిగాలి కొట్టింది. మైల్స్. ఒంటి మీద ధాన్యం గోదాము పనివాళ్ళ కోటు. ఇక ఆట లేదుగా, ఆ పొద్దునే పనిలో చేరాడు. పార్సిల్ కాఫీ చెప్పి, అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగాడు. ఓరెస్ట్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాడు. కాగితం చింపేసినా సరే అనుకున్నాడు.

మైల్స్ కింది దాకా చదివాడు. కాఫీ తీసుకుని డబ్బులిచ్చాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఆగస్టు కాదు తాతా," అన్నాడు వెనక్కి తిరగకుండా. "జూలై."

తలుపు మూసుకుంది. ఓరెస్ట్ కుర్చీ పట్టుకుని లేచాడు, గోడ దగ్గరికి వెళ్ళి జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఆగస్టు కొట్టేసి పైన జూలై అని రాశాడు.