వేళ్ళ చుట్టూ మట్టి

దబ్బనాన్ని అరచేత్తో నొక్కి, పురికొసను పళ్ళతో బిగించి, వదినమ్మ చెట్టు చుట్టూ తవ్విన గోతిలో మోకాళ్ళ మీద మరో జానెడు జరిగింది. పనివాళ్ళందరికీ ఆమె వదినమ్మే. మేస్త్రీకి మాత్రం నిజంగా వదిన. రోడ్డు వెడల్పుకు అడ్డొచ్చిన తాతల నాటి నిద్రగన్నేరును ఇవాళ ఊరవతలికి తరలిస్తున్నారు. దాని వేళ్ళు సొంత మట్టిలోనే కదలకుండా వెళ్ళాలి. గదంత మట్టిముద్దకు గోనె చుట్టి, రెండు అంచులూ కలిపి, వేలు దూరనంత దగ్గరగా కుట్టడం ఆమె పని. మట్టి రాలితే చెట్టు బతకదు.

భర్త పోయాక గోదాములో బస్తాల మూతులు కుట్టి బతికిన మనిషి. అక్కడికి కుట్టుమిషన్ వచ్చి చేతులు ఖాళీ అయితే, మేస్త్రీ అయిన ఈ మరిదే చెట్లు తరలించే పనిలోకి తెచ్చాడు. "మా వదిన కుడితే నీళ్ళు కూడా కారవు" అని కనపడినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోతాడు. ఆ గొప్పలే ఆమె ప్రాణం మీదికి తెచ్చాయి. ఎడమకన్ను మసకబారి చాలా రోజులైంది. చెబితే తోటికోడలు కూర్చోబెట్టి అన్నం పెడుతుంది, మంచి పిల్ల. ఆ కూర్చోబెట్టడమంటేనే వదినమ్మకు హడలు. అందుకే బియ్యంలో రాళ్ళు కూడా తడిమే ఏరుతోంది.

గోతిలో ఒకవైపు మరీ ఇరుకు. చెయ్యి తిరగలేదు. అలవాటు మీద కుట్టుకుంటూ పోయింది.

"అయిందా వదినా? మధ్యాహ్నానికి రోడ్డు వదలాలంట," పైనుంచి మరిది అడిగాడు.

"అయిపోయింది అబ్బాయ్."

ఆమెను చేతులు పట్టి పైకి లాగారు. క్రేను గొలుసులు బిగిశాయి. మట్టిముద్ద నేలమట్టానికి లేచేసరికి, వేలాడుతున్న పురికొస కోద్దామని ఆమె ముందుకు వంగి గోనె తడిమింది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. కుట్లన్నీ పడ్డాయి, ఒక్క అంచుకే. రెండో అంచు దబ్బనానికి దొరకనే లేదు.

"దించండి! అబ్బాయ్, దించమను!"

ఇంజను రొదలో ఎవరికీ వినపడలేదు. మరిది నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఆమె రెండు చేతులతో గోనెను అదిమి పట్టుకుంది, ఏం ఆగుతుందని? ఎవరో భుజం పట్టి వెనక్కి లాగారు. మట్టి ముందు సన్నగా జారింది, తర్వాత ఆ పక్కంతా కూలిపోయింది. వేళ్ళు బట్టల్లేకుండా గాల్లో వేలాడాయి. ఆమెకు చూడబుద్ధి కాలేదు.

"ఇంకేం చేస్తాం, ఎక్కించండి," అన్నారెవరో.

చెట్టును ట్రెయిలర్ మీద పడుకోబెట్టాక మరిది ఆ కుట్టు వెంబడి వేలు పెట్టి చివరిదాకా చూశాడు. తర్వాత ఆమె దగ్గరికొచ్చాడు. తిడితే బాగుండునని ఆమె మొక్కుకుంది.

"మట్టి పొడిగా ఉందిలే వదినా," అన్నాడు. ఆమె చేతిలోంచి దబ్బనం తీసుకుని, "రేపటినుంచి నువ్వు ఇంట్లో ఉండు," అన్నాడు.

ఆమె తలూపింది. కొమ్మలు రోడ్డును రాసుకుంటూ ట్రెయిలర్ మలుపు తిరిగింది. అడ్డుకర్రలు తీసి బళ్ళు వదిలారు. నడిరోడ్డు మీద బిందెంత మట్టిపెళ్ళ ఒకటి మిగిలింది; స్కూటర్లు దాన్ని తప్పించుకుని పోతుంటే, అందులోంచి తెల్లటి వేరుపోగులు పైకి తేలి ఉన్నాయి, ఇంకా తడితడిగా.