ఎడం పక్క

ఎందుకైనా మంచిదని చర్చికి కూడా పిస్తోలు దాచుకుని వెళ్ళే వెర్లన్‌కు ఆ ఆదివారం పొద్దున కూడా కాలు ఒకచోట నిలవలేదు. ఒక ఒరలో పెడితే చొక్కా కింద పిస్తోలు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది, ఇంకొకదాంట్లో పెడితే వంగినప్పుడల్లా జారుతోంది. చివరికి ఖాళీ పిస్తోలును కొత్త ఒరలో దోపి, మంచం మీద తలకిందులుగా పట్టుకుని ఊపాడు. ఊడిపడలేదు. ట్రిగ్గరు కూడా పూర్తిగా కప్పుకుపోయింది.

"మన పెళ్ళినాడు కూడా ఇన్నిసార్లు అద్దం చూసుకోలేదు నువ్వు. చర్చికి టైమవుతోంది, కదులు!" అంది భార్య నాడీన్.

"నీ వెటకారం ఆపి, కనిపిస్తోందో లేదో చెప్పు."

"నీ పొట్ట తప్ప ఇంకేం కనిపించట్లేదు."

అప్పటికి కాస్త కుదుటపడి, తూటాలు నింపి కుడి నడుముకు తగిలించుకున్నాడు.

చర్చి గుమ్మం దగ్గర ఆరేళ్ళ మనవరాలు టెస్సా "తాతా!" అంటూ పరిగెత్తుకొచ్చింది. దగ్గరికి రాగానే టక్కున ఆగింది. చుట్టూ తిరిగి ఎడం పక్కకొచ్చి అతని నడుం వాటేసుకుంది.

"అదేంటే, అలా చుట్టూ తిరిగొచ్చావు?"

"అటు పక్కకొస్తే ఎప్పుడూ నెట్టేస్తావుగా తాతా."