గోడ అడిగిన చెయ్యి

ఆ పొద్దున కూడా వర్క్‌షాప్ అక్క తలుపులు బార్లా తీసి, లైట్లు వేసి, గోడకేసి ఓసారి చూసింది. "ఇవాళ చెయ్యి అడుగుతోందర్రా," అని చీపురందుకుంది.

యూనివర్సిటీ పిల్లలు బుర్రలో పుట్టినదాన్ని చేత్తో చేసి చూసుకునే గది అది. ఓ మూల త్రీడీ ప్రింటర్లు జుమ్మంటుంటాయి, ఇంకో మూల రంపాలు, డ్రిల్లింగ్ మిషను. గోడకి పెద్ద చెక్క పలక. దాని మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే తెల్లగీత, పైన ఓ మేకు. సుత్తి గీతలో సుత్తి, పట్టకారు గీతలో పట్టకారు. ఏది తిరిగి రాలేదో చూడగానే తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ ఎవరూ గీయని గీత ఒకటి దానంతటదే పుడుతుంది. ఆ వస్తువు సాయంత్రానికల్లా అక్కడికి చేరుతుంది. దేవుడు చేసిన లోకంలో నిప్పు కాలుస్తుంది, వాన తడుపుతుంది, ఆ గోడ అడిగింది తీసుకుంటుంది. అంతే.

ఒక మిషను దగ్గర్నించి ఇంకో మిషనుకి గెంతే పిల్ల కాబట్టి ఆ అమ్మాయిని పిచ్చుక అనేవారు. పిచ్చుక వెళ్లి, గోడమీద కొత్తగా పుట్టిన చెయ్యి గీతలో తన ఎడమ చెయ్యి ఆనించింది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి వంకరైన చిటికెన వేలు, గీతలో వంకర దగ్గర సరిగ్గా కూర్చుంది. వేళ్ల చుట్టూ కాస్త వదులుంది గానీ, ఆ వంకర ఇంకెవరికుంటుంది?

"అక్కా, ఇది నా చెయ్యే."

అక్క వంగి చూసింది. "నీదే తల్లీ. అచ్చు దిగింది."

"ఇంటికెళ్లి కూర్చుంటే?"

"గోడ గొడుగు అడిగినప్పుడు ప్రొఫెసరుగారు ఇంట్లోనే దాచుకు కూర్చున్నారు. ఆయన మేనల్లుడు వానొస్తోందని దాన్నే వేసుకుని ఇక్కడికి రాలేదూ?"

పిచ్చుక చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమెకి మిగిలింది ఒకే ఒక్క కన్నం. తాతయ్య కోసం చేస్తున్న కప్పు పిడికి, చిన్న అల్యూమినియం పట్టీలో వెయ్యాల్సిన కన్నం. చెయ్యి ఎంత వణికినా కప్పు ఉయ్యాలలా ఊగి తిన్నగా నిలబడాలి. తాతయ్య ఒకప్పుడు మంగలి. కత్తి పట్టిన చేత్తో ఎవరికీ గాటు పెట్టలేదు. ఇప్పుడు టీ నోటికి చేరేలోపు ఒళ్లో పడుతుంది. అందుకే నలుగురిలో ఏదీ తాగడం మానేశాడు. ఆ సాయంత్రం ప్రాజెక్టు చూసే పరీక్షకుల ముందు ఆయనే తాగి చూపించాలి.

"పోనీ నేను వేస్తాను కన్నం," అన్నాడు జతగాడు. తలుపు కమ్మీ తలకి తగిలేంత మనిషి, పొడుగు అంటే పలుకుతాడు.

"మొన్న నువ్వు వేసిన కన్నంలోంచి ఏనుగు దూరుతుంది. ఊరుకో."

మధ్యాహ్నం దాకా ఎడమ చేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకు కూర్చుంది. రంపం పళ్లు చూస్తే భయం. కత్తెర చూస్తే భయం. ఎవరో తలుపు ధడాలున వేస్తే వేళ్లు ముడుచుకుంది. అంతలో తాతయ్య ఫోను.

"తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించానే. ఒలికితే మరక కనపడాలి కదా, ఒలకలేదని వాళ్లకి తెలియడానికి."

"సరే తాతా," అంది. చెవి దగ్గర ఫోను టకటకా కొట్టుకుంటోంది. ఆయన చెయ్యి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

అక్క భోజనానికి వెళ్లింది. పొడుగు వెల్డింగ్ మూలనుంచి మందపాటి తోలు గ్లౌజులు తెచ్చాడు. "నిప్పుకే లొంగవివి. తొడుక్కో." ఎడమది తొడుక్కోగానే గుండె కుదుటపడింది. భయం సంగతి మీకు తెలియంది కాదు. దొరికిందల్లా కప్పుకుంటుంది, అది దుప్పటో వలో చూసుకోదు.

ఎడమ చేత్తో పట్టీని డ్రిల్లింగ్ మిషను కింద అదిమింది. కుడి బొటనవేలు స్విచ్ మీద. దేవుడా అనుకుని చివరిసారి గోడకేసి చూసింది.

గీత మణికట్టు దగ్గర గంటలా విచ్చుకుని ఉంది. ఏ మనిషి మణికట్టూ అలా ఉండదు.

మెల్లగా వెళ్లి గ్లౌజు చేతిని గీతలో ఆనించింది. పొద్దున ఉన్న వదులు లేదు. వెంట్రుక దూరే సందు లేదు.

వర్క్‌షాపుకొచ్చిన మొదటిరోజు అక్క తిరిగే మిషనుకి గుడ్డపీలిక అందించి చూపించింది. కళ్లు మూసి తెరిచేలోగా పీలిక చుట్టుకుపోయింది. "ఇక్కడ గ్లౌజు తొడగొద్దర్రా. ఉత్త చర్మమైతే గీసుకుంటుంది. గ్లౌజు చేతిని కూడా వెంట తీసుకుపోతుంది." అందరితోపాటు పిచ్చుకా తలూపింది అప్పుడు.

"లాగు," అంది.

"ఏమైందే?"

"లాగరా, ముందు లాగు."

చెమటకి తోలు చేతిని పట్టేసుకుంది. పొడుగు కాలు గోడకి తన్నిపెట్టి లాగితే ఊడింది. ఊడినా ఆ బిరుసు తోలు ఆమె చేతిలాగే నిలబడింది, చిటికెన వేలి దగ్గర వంకరతో సహా. పిచ్చుక దాన్ని మేకుకి తగిలించి, ఉత్త చేతిని వీపు వెనక దాచుకుని నిలబడింది. లోపల ఉండాల్సింది కూడా అడుగుతుందేమోనని చూసింది. తెల్లగీత మెల్లగా మాసి, పక్కనున్న పాత గీతల్లో కలిసిపోయింది.

అప్పుడు పట్టీని ఇనప దవడల వైస్‌లో బిగించి, చేతులు దూరంగా పెట్టుకుని, కన్నం వేసింది.

సాయంత్రం తాతయ్య అందరి ముందూ కప్పు ఖాళీ చేశాడు. చొక్కా తెల్లగానే ఉంది. గది చూస్తానని తిరుగుతూ గోడ దగ్గర ఆగాడు.

"ఇదెవరి చెయ్యే?"

"ఎవరిదీ కాదు తాతా."

అని ఎడమ చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ రెండు చేతుల్లో వణుకుతున్నది ఎవరిదో చాలాసేపటిదాకా ఇద్దరికీ తెలియలేదు.