నిలువు గీత

బొహుమిల్ గోడ మీద అడ్డసందును గీరుతున్నాడు. చెక్కముక్కకు మేకు దిగ్గొట్టి తనే చేసుకున్న గీకుడు చెక్క అది. పట్టుకునే చోట అరిగి, బొటనవేలంత గుంట పడింది. వరసకూ వరసకూ మధ్య తెల్లసున్నాన్ని అరంగుళం లోపలికి గీరేయాలి, అక్కడ నీడ నిలవాలి. ఇటుకకూ ఇటుకకూ మధ్య నిలువు సందుల్లో మాత్రం ఇటుక రంగు కలిపిన ఎర్రసున్నం నున్నగా మెత్తాలి. దూరాన్నుంచి చూస్తే గోడంతా పొడుగాటి అడ్డగీతలే కనబడాలి.

షికాగో పడమటి పచ్చిక మైదానంలో నిటారు ఇల్లు దేనికి, నేలను హత్తుకుని పడుకోవాలి గాని అన్నాడట పటం గీసిన దొర. మంచిదే. నడిమధ్య పొయ్యిగోడ, దాని చుట్టూ గదులు, వాలు తక్కువ కప్పు, కోడిరెక్కల్లా బారెడేసి చూరులు. కానీ ఆ అందమంతా గారిటీ సమ్మెట కింద నలిగి వచ్చేది.

గారిటీ మా పెద్దమేస్త్రీ. నిలువు గీత కనబడితే చాలు, ఆ వరసలు కూలగొట్టేస్తాడు. పోయిన నెల చెయ్యి అడ్డు పెట్టిన ఇటలీవాడి రెండు వేళ్లు నుజ్జయ్యాయి. నిన్న బొహుమిల్ వంతు: మూడు వరసలు కూలాయి, చెంప పగిలింది. ఇరవై ఆరేళ్లుగా ఇటుక పేరుస్తున్న ఆ మనిషి ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. తిట్టినా నవ్వేవాడు. మాకైతే ఒళ్లు మండేది.

మధ్యాహ్నం గీకుడు చెక్కను పొయ్యిగోడ అడ్డసందులో, నీడలోకి దోపి రొట్టె విప్పాడు. పక్కనే అతని బావమరిది ఒటాకర్.

"అక్కడ పెడితే దేవుడిక్కూడా కనబడదు బావా."

"కనబడకూడదనే. గారిటీ చూశాడంటే దాంతో పళ్లు తోముకుంటాడు."

"నోట్లో పళ్లుంటే కదా!"

రొట్టె అయ్యేలోపే గారిటీ వచ్చాడు. నాలుగింటికి యజమాని పెళ్లాంపిల్లలతో వస్తున్నాడట. పడమటి చూరు గాల్లో నిలబడడం చూడాలట. దాని కింది ఊతగుంజలు తీసేయమన్నాడు.

ఒటాకర్ అప్పటికే నిచ్చెనెక్కి ఆ చూరు అడుగున చెక్కలు కొడుతున్నాడు. బొహుమిల్ పడమటి గోడ దగ్గరికి పోయి సున్నంలో గోరు నొక్కాడు. రెండు రాత్రులుగా మంచు కురుస్తోంది. గోరు దిగింది.

"రెండ్రోజులాగు మేస్త్రీ. చూరును మోసే ఇనప దూలం తోకను నొక్కిపట్టేది నా గోడే. ఇంకా పచ్చిగానే ఉంది. కింద మావాడున్నాడు."

"నీ గోరు సంగతి ఎవడడిగాడ్రా ముసలోడా? నిలువు గీతలు దాచుకో పో!"

సమ్మెట దెబ్బకు మొదటి గుంజ ఎగిరిపోయింది. "ఒటాకర్, దిగరా! దిగరా నాయనా!" అని అరిచాడు బొహుమిల్. సుత్తి చప్పుడులో వాడికి వినబడలేదు. రెండో గుంజ పడింది. అప్పుడు బొహుమిల్ గారిటీ కాలరు పట్టి గోడకేసి కొట్టాడు, మూతి మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు. పిడికిలంతా నెత్తురు. మేం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం. ఎంత సిగ్గుచేటో ఇప్పుడు తెలుస్తోంది. గారిటీ సమ్మెట కర్రతో అతని డొక్కలో పొడిచాడు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినబడింది. ఆ ఊపులోనే ఆఖరి గుంజను తన్నేశాడు.

దూలం తోక గోడను పైకి తన్నింది. కింద నుంచి పైదాకా గోడ మీద పగులు పాకింది, నిట్టనిలువుగా. బొహుమిల్ డొక్క పట్టుకునే పరిగెత్తి, ఒటాకర్ కాలు లాగి పచ్చికలోకి విసిరేశాడు. తను బయటపడేలోపే చూరు మీదికి వచ్చేసింది.

యజమానికి ఆ రోజు రావద్దని కబురు పోయింది. బొహుమిల్ చావును ప్రమాదమని రాసుకున్నారు, గారిటీని ఎవరూ ఏమీ అడగలేదు. వారం తిరిగేసరికి ఆ గోడ మళ్లీ లేచింది. నిలువు సందుల్లో ఎర్రసున్నం నేనే మెత్తాను. ఒక్క గీత కనబడదు.

సామాన్లు సర్దేటప్పుడు ఒటాకర్ పొయ్యిగోడ సందులోకి చెయ్యి పెట్టాడు. గుంట పడిన చోట వేలు ఆనింది. చెయ్యి వెనక్కి తీసుకుని బయటికి నడిచాడు. యజమాని పిల్లలు చలి కాచుకునే ఆ పొయ్యిగోడ అడ్డసందులో, నీడలో, మేకుకు తెల్లసున్నం ఎండిపోయిన గీకుడు చెక్క అలాగే ఉంది.